కట్టు విప్పిన పడవ

కోతపడినట్టు వచ్చింది కేక. గోడకి చేరగిలబడి ఉన్న రెబెక్కమ్మ దిగ్గున లేచింది, తలుపుకేసి రెండడుగులు వేసి మళ్ళీ వచ్చి కూలబడింది. పాకలో తన బిడ్డ జయశీల తొలికాన్పు నొప్పులు పడుతోంది. కోడికూసే వేళ మొదలైన నొప్పులు, ఎండ పడమటికి వాలుతున్నా బిడ్డ దిగలేదు. మధ్యన ఒక్క మట్టిగోడ. అయినా లోపలికి పోవడానికి లేదు; మంత్రసాని కరీమున్నీసా ఇందాకే రెక్క పట్టి బయటికి గెంటినంత పని చేసింది. "ఎదురుగా కూర్చోని నువ్విట్టా కళ్ళనీళ్ళు కార్చుకుంటా ఉంటే బిడ్డ యాడ దిగుతాదక్కా? కన్నతల్లి ఏడుపు చూస్తే కాన్పు బిగుసుకుంటాది. పో, కాలవ గట్టున కూర్చోపో. పిలిస్తే రా." ఏడవడం లేదు బీబమ్మా, కళ్ళు వాటంతటవే కారుతున్నాయి అని చెప్పబోయింది, తడిక తలుపు మొహం మీదే మూసుకుంది. కాలువ మీంచి ఉప్పుగాలి చెంపల మీద ఉమ్మినట్టు కొడుతోంది. అవతల సరుగుడు తోపులో ఎవరో చెట్టు నరుకుతున్నారు, వేటు వేటుకీ తన నడుమే తెగుతున్నట్టుంది. చస్తుంది, నా బిడ్డ చస్తుంది, ఇట్లాంటి కేక పెట్టిన మనిషి బతకదు. శవప్పెట్టెకి పలకలు ఈ సరుగుడువే కోస్తారు కాబోలు, పెళ్ళినాటి తెల్లచీరే కట్టాలి, చిల్లకూరులో వాళ్ళ నాయనకి కబురు ఎవరు తీసుకుపోతారు, బిడ్డని తల్లి పక్కనే పడుకోబెట్టాలా వేరేగానా... థూ, నా నోట్లో మన్నుపడ, అని రెండు చెంపలూ వాయించుకుంది. ఎప్పుడూ ఇంతే. జయశీల బడినుంచి రావడం కాస్త ఆలస్యమైతే చాలు, దిగుడుబావిలో తేలిన శవాన్ని కళ్ళారా చూసేసి, గొంతెత్తి ఏడవడానికి నోరు తెరిచి ఉండేది, ఆ పిల్లేమో రేగుపళ్ళు నములుతూ వచ్చి "ఏంది మా, ఎవురు పొయినారు?" అని అడిగేది.

కానీ పొద్దున చూసింది మాత్రం తన భయం పుట్టించింది కాదు. నొప్పులు విడివిడిగా వస్తున్నప్పుడు ఆముదం కాచి వీపుకి రుద్దుదామని రవిక తీయించింది. ఎడమ భుజం మీంచి వీపుకి అడ్డంగా ఒక వాత. మానిపోయింది గాని చర్మం నల్లగా కమిలి, మధ్యలో గరుకుగా, తాడంత వెడల్పున, పక్కటెముకల దాకా. రెబెక్కమ్మ చెయ్యి అక్కడే ఆగిపోయింది. "ఇదేందే?" అంటే, "తాడు ఒరుసుకున్నది మా, ఏం లేదు, రుద్దు" అంది జయశీల, తల తిప్పకుండా. తల తిప్పకుండా అన్నదే, అక్కడే తెలిసిపోలేదా? తనూ ఇట్లాగే చెప్పేది తన తల్లికి. గేదె కొమ్ము విసిరిందనీ, వాకిట్లో దూలం తగిలిందనీ. తాడు! తాళ్ళు మనుషుల్ని వాటంతటవే కొడతాయా? తన మొగుడు జకరయ్య చెర్నాకోల కూడా తాడే, పిడికి కట్టిన తోలుతాడు. బండెడ్లని అదిలించడానికి కామందు ఇచ్చిన చెర్నాకోల. ఎడ్లని అదిలించేవాడు, పెళ్ళాన్ని కొట్టేవాడు. కూరలో ఉప్పు చాలకపోతే ఒకటి, చాలకపోయిందని తనే ముందుగా ఒప్పుకుంటే రెండు. ఆ దెబ్బ పడ్డప్పుడు నొప్పి ముందు తెలియదు, చప్పుడు తెలుస్తుంది, గాలి చీలిన చప్పుడు, ఆ తర్వాత చర్మం లేచి నిప్పు పెట్టినట్టవుతుంది. మర్నాడు ఆదివారమైతే ఆ మనిషే సంఘంలో మొదటి వరసలో కూర్చుని అందరికన్నా పైస్వరంలో పాటందుకునేవాడు. పాస్టరు అయ్యగారు మెచ్చుకునేవారు. తను వెనక వరసలో వీపు బల్లకి ఆననీకుండా ముందుకి వంగి కూర్చునేది. ఎంత భక్తో రెబెక్కమ్మకి, అనుకునేవారు ఆడవాళ్ళు.

జయశీలకన్నా ముందు ఒక కడుపు పోయింది. ఎవరికీ చెప్పలేదు ఎట్లా పోయిందో. గడపలో నిలబడి ఉండగా కాలితో తన్నాడు, అంతే, ఒకే ఒక్క తన్ను, చెప్పు కూడా విడవలేదు. పొలం గట్టున పాతిపెట్టి వచ్చింది, తనే తవ్వుకుంది, నెత్తురు కాళ్ళమీదుగా కారుతూనే ఉంది. అది మగో ఆడో చూడలేదు. ఇప్పుడు ఎందుకొచ్చిందీ జ్ఞాపకం, ఇప్పుడా రావలసింది? లోపల జయశీల మళ్ళీ అరిచింది. ఈసారి మాట ఉంది అందులో, "మా" అని. రెబెక్కమ్మ రెండు చేతులతో నేలని గీరింది. గోళ్ళలోకి ఉప్పుమన్ను దూరింది.

తొలికాన్పు పుట్టింట్లో జరగాలి. లోకం అంతా అట్లాగే కదా. ఏడో నెలలో తను వచ్చి పిలిచింది, రానంది జయశీల. "నాయన ఉండే ఇంట్లో నా బిడ్డ కళ్ళు తెరవదు మా. నువ్వే రా" అంది. ఆ మాట నిజంగా పిల్లదేనా, మొగుడు చెప్పించాడా అని అప్పట్నుంచీ పురుగులా తొలుస్తోంది. ఈ అల్లుడు హెబ్రోను మాట్లాడడు. అదే తన భయం. అరిచే మగవాడైతే ఏ క్షణాన చెయ్యి లేస్తుందో ఒళ్ళు ముందే పసిగడుతుంది. మాట్లాడనివాణ్ణి ఎట్లా కనిపెట్టాలి? పెళ్ళినాడు చేతిలో చెయ్యి వేసేటప్పుడు చూసింది వాడి అరచేతులు, పడవ గడ పట్టి పట్టి కొయ్యలాగా కాయలు కాసినవి. ఆ చేతుల్లో తన బిడ్డ మణికట్టు పచ్చి పుల్లలాగా ఉంది. సరుగుడు కట్టెలు వేసుకుని కాలువ వెంబడి పట్నానికి పోయి వస్తాడు, పడవ కామాక్షయ్యది, పని వీడిది. ఒక్కోసారి పెళ్ళాన్నీ పడవెక్కించుకుని పోతాడట. ఎవరూ చూడని కాలువ మీద, రెండు పక్కలా మొగలి పొదలు తప్ప మనిషి లేనిచోట, ఏం జరిగినా ఎవరికి తెలుస్తుంది? పొద్దున్నించీ మనిషి లేడు. నొప్పులు ముదిరాయని తెలిశాక ఒక మాట చెప్పకుండా మాయమయ్యాడు. ఆ వేళకి మగవాళ్ళు ఎక్కడికి పోతారో తనకి తెలియదా? జయశీల పుట్టిన పూట జకరయ్య కూడా కల్లుపాకకే పోయాడు; వచ్చి, అన్నం వండలేదని పొయ్యిమీది నీళ్ళకుండని కాలితో తన్నాడు. కాగే నీళ్ళు. చంటిదాని మీద పడకుండా తను అడ్డం తిరిగింది.

తలుపు తెరుచుకుంది. కరీమున్నీసా బయటికి వచ్చి కుండలో చెయ్యి ముంచింది. మోచేతిదాకా ఎర్రగా ఉంది చెయ్యి. కుండలో నీళ్ళు ఒక్కసారిగా రంగు మారాయి. రెబెక్కమ్మ ఆ నీళ్ళకేసి చూస్తూ ఉండిపోయింది.

"అడ్డం తిరిగినాదక్కా. సర్దతా ఉండా" అంది కరీమున్నీసా, రొప్పుతూ. మోటుమనిషి, ఈ కాలువ గట్టున సగంమంది ఆమె చేతిలోకి పుట్టినవాళ్ళే. "నువ్వు ఊరికే కూర్చోకుండా ఒక పని చెయ్యి. ఇంట్లో ముళ్ళన్నీ ఇప్పు. పెట్టె బీగం తియ్యి. కట్టింది ఏదీ కట్టినట్టు ఉండకూడదు. బయట బిగుసుకోనుంటే లోపల కూడా బిగుసుకుంటాది."

"మా సంఘంలో అట్టాంటియి చెయ్యకూడదు బీబమ్మా. అయ్యగారు..."

"మీ అయ్యగారు కన్నాడా ఎప్పుడన్నా?" అని కొంగుతో మొహం తుడుచుకుని లోపలికి పోయింది.

ప్రభువా, చూడకు. కాసేపు అటు తిరుగు. ముందు తన కొప్పు విప్పింది, జుట్టు గాలికి మొహమంతా కప్పేసింది. కొంగుకి కట్టుకున్న ముడి విప్పింది. లోపల గోడ మూల ఉన్న రేకుపెట్టె తాళం తెరిచి మూత ఎత్తింది, అటు చూడకూడదనుకుంటూనే చూసింది, మంచంకోడు పట్టుకుని ఉన్న బిడ్డ చెయ్యి, నరాలు తేలిన చెయ్యి. బియ్యం మూట మూతి విప్పితే గింజలు జలజలా కారాయి, కారనీ. చేదతాడు విప్పింది. కోడిపెట్ట కాలికున్న దారం విప్పితే అది రెక్కలు కొట్టుకుంటూ దడి దూకింది. మేకని వదిలింది. దండేనికి కట్టిన తాడు విప్పింది, ఆరిన గుడ్డలన్నీ మన్నులో పడ్డాయి. లోపల కేక. ఇంకా ఏదో ఉంది, ఇంకా ఎక్కడో ఏదో బిగిసి ఉంది. చూరుకింద వేలాడుతోంది హెబ్రోను విసురువల. వల! వలంతా ముళ్ళే! దాన్ని చూసేసరికి రెబెక్కమ్మకి కళ్ళు తిరిగాయి. ఎన్ని ముళ్ళు, కన్నుకొక ముడి, నా బిడ్డ పేగులన్నీ ఇట్లా అల్లి చూరుకి వేలాడగట్టినట్టు. గోళ్ళతో ఒకటి పీకబోయింది, రెండు పీకబోయింది, చూర్లో దోపిన కొడవలి లాగి అడ్డదిడ్డంగా కోసింది. పీలికలు పీలికలుగా కోసింది. ఇనపగుళ్ళు టపటపా నేలమీద రాలుతుంటే కోసింది. వేలు తెగింది, తెలియలేదు. ఎవరినో కోస్తున్నట్టుంది. ఎవరినో తెలుసు. కొడవలి వలలో చిక్కుకుని ఊడిరాకపోతే అట్లాగే వదిలి గట్టు మీదికి పరిగెత్తింది.

గట్టున పడవ ఉంది. నిండా కట్టెలు పేర్చి, రేపు పొద్దున పట్నానికి పోవడానికి సిద్ధంగా, తుమ్మమొద్దుకి లావుపాటి తాటితో కట్టి ఉంది. ఆటుపోటుకి వెనక్కి తీసే కాలువ నీళ్ళు పడవని దక్షిణంగా గుంజుతున్నాయి, తాడు బిగిసి కిర్రుకిర్రుమంటోంది. ఇదే. ఇదే నా బిడ్డని పట్టి ఆపుతోంది. తడిసిన ముడి రాయిలాగా ఉంది. గోళ్ళతో పట్టింది, గోరు లేచింది. పళ్ళతో పట్టి కొరికి గుంజింది, నోరంతా ఉప్పూ తారూ. ఇది కామాక్షయ్య పడవ, ఇందులో కట్టెలు ఎవరివో, పోతే హెబ్రోనుని ఊళ్ళో బతకనివ్వరు, అని ఒక పక్క తెలుస్తూనే ఉంది. బతకనివ్వకపోతే మంచిదే అని ఇంకో పక్క. బిడ్డ కోసం విప్పుతున్నానా, వాడి మీద కక్షతో విప్పుతున్నానా? ప్రభువుకి చూడవద్దని చెప్పింది కదా, ఎవరికి జవాబు చెప్పాలి? ముడి సడలింది. తాడు పాములాగా చేతుల్లోంచి జారి నీళ్ళలో పడింది. పడవ ముందు కదల్లేదు, ఏదో ఆలోచించుకుంటున్నట్టు ముక్కు అటూ ఇటూ తిప్పింది, ఆ తర్వాత మెల్లిగా, బరువుగా, నడి కాలువలోకి పోయింది. రెబెక్కమ్మకి నవ్వొచ్చింది. ఇన్నేళ్ళ కాపురంలో జకరయ్యది ఒక్క మట్టిముంత కూడా పగలగొట్టలేదు తను. నోట్లో ఉన్న ఉప్పు తియ్యగా అనిపించింది.

అప్పుడు గట్టు మలుపులో కనిపించాడు హెబ్రోను. చొక్కా లేదు, ఒళ్ళంతా చెమట, పరిగెత్తుకుంటూ వస్తున్నాడు. నడి కాలువలో పడవని చూశాడు. "పడవ! పడవ పొయ్యింది! ఎవురిప్పినారు?" అని గావుకేక పెట్టాడు. ఇంతమాట ఇంత గట్టిగా వాడి నోట తను ఎప్పుడూ వినలేదు. దడికి ఆనించిన వెదురుగడ లాక్కుని రెండు చేతులతో ఎత్తిపట్టుకుని తనవైపే వస్తున్నాడు. తనవైపే. చేతిలో కర్ర, ఎర్రబడ్డ కళ్ళు, నోరు తెరిచి. రెబెక్కమ్మ ఒళ్ళు ఎప్పట్లాగే ముడుచుకోబోయింది, తల చేతులతో కప్పుకుని, వీపు ఇచ్చి, కానియ్యి అన్నట్టు. ముడుచుకోలేదు. పక్కనే రోటికి ఆనించి రోకలి ఉంది. ఎప్పుడు అందుకుందో తెలియదు. వాడు గట్టు దిగడానికి పక్కనుంచి వంగిన క్షణాన, బలమంతా భుజాల్లోకి తెచ్చుకుని కొట్టింది. చెవికి పైన తగిలింది. తాటికాయ పడ్డట్టు చప్పుడైంది. హెబ్రోను మోకాళ్ళమీద పడ్డాడు, గడ దొర్లుకుంటూ నీళ్ళలోకి పోయింది. నెత్తురు చెవిమీంచి మెడకి, మెడమీంచి రొమ్ముకి. రెబెక్కమ్మ రోకలి మళ్ళీ ఎత్తింది. కొట్టడం ఇంత తేలిక అని ఎవరూ చెప్పలేదే తనకి.

"అత్తా" అన్నాడు హెబ్రోను. చెయ్యి అడ్డం పెట్టలేదు. "ఎందుకత్తా?"

"నా బిడ్డని కొడతావా? వీపున వాత చూసినా! చూడలేదనుకున్నావా? కల్లు తాగొచ్చి ఇప్పుడు నన్ను కూడా చంపుదామని వచ్చినావా?"

వాడు కళ్ళు చిట్లించి చూశాడు, తనెవరో గుర్తుపట్టడానికి ప్రయత్నిస్తున్నట్టు. "కల్లేంది? ఆస్పత్రి నర్సమ్మ కోసం పొయినా. ఇంటికి తాళం ఏసుండాది. ఆ ఊరూ ఈ ఊరూ ఎతికి వస్తా ఉండా." మాటకీ మాటకీ మధ్య ఊపిరి పీల్చుకుంటున్నాడు. "వాతేంది... అది లాగుడు తాడత్తా. నాలుగో నెల్లో ఎదురుగాలికి పడవ కదల్లేదు. నేను గడ వదిల్తే ఒడ్డుకి కొట్టుకుంటాది. నేనే దిగి లాగతానని ఇది తాడు భుజాన ఏసుకోని దిగింది. వద్దే అంటే వినలేదు. పొద్దు కుంకేదాకా లాగింది. నన్ను లాగనివ్వలా. తప్పే నాది. దించకుండా ఉండాల్సింది."

రెబెక్కమ్మ చేతుల్లో రోకలి అట్లాగే గాలిలో ఉంది. అబద్ధం, అంది లోపల ఏదో. కానీ కొట్టే మగవాడు కారణం చెప్పడు. జకరయ్య ఒక్కనాడు చెప్పలేదు, ఒక్కనాడు తప్పనలేదు. గట్టు మీద తాళ్ళు భుజాన వేసుకుని వంగి నడిచే మనుషుల్ని తను బస్సు దిగి నడిచొస్తూ చూసింది. మగవాళ్ళూ ఆడవాళ్ళూ, ఎడ్లకిమల్లే. చూసింది గాని చూడలేదు. కళ్ళలో చెర్నాకోల పెట్టుకుని చూస్తే ఇంకేం కనిపిస్తుంది? రోకలి దానంతటదే దిగింది.

"పడవ నేనే ఇప్పినా" అంది. "ముళ్ళన్నీ ఇప్పమన్నాది బీబమ్మ. బిడ్డ అడ్డం తిరిగినాదంట. నీ వల కూడా కోసేసినా."

హెబ్రోను కాలువకేసి చూశాడు. పడవ మొగలి పొదల మలుపుదాకా పోయింది. ఇప్పుడు దూకి ఈదితే అందుతుందేమో. లోపల్నుంచి కేక వచ్చింది, పెద్దది, మధ్యలో తెగిపోయింది. వాడు పడవని వదిలేసి పాకకేసి తిరిగాడు. రెబెక్కమ్మ తన చీరకొంగు పరపరా చించింది, వాడి తలకి చుట్టి గట్టిగా బిగించబోయింది.

"ముడెయ్యొద్దత్తా" అన్నాడు. "ముందు కాన్పు కానియ్యి." చించిన గుడ్డని ఉండగా చేసి తన అరచేత్తో గాయానికి అదుముకుని, గట్టుమీద చతికిలబడి కూర్చున్నాడు. వేళ్ళ సందుల్లోంచి నెత్తురు కారుతూనే ఉంది. రెబెక్కమ్మ వాడి పక్కనే నిలబడింది. తాకడానికి భయపడింది. ఏం మాట్లాడాలి, ఈ మనిషితో ఇంక జన్మలో ఏం మాట్లాడాలి? లోపల నిశ్శబ్దం. అరుపుకన్నా పాడు నిశ్శబ్దం. పోయింది. పోయింది, అయిపోయింది, నేను ఇక్కడ దీని మొగుణ్ణి చంపుతుంటే అక్కడ ఇది పోయింది. గొడ్డలి కూడా ఆగిపోయింది తోపులో. గాలి ఒక్కటే.

ఆ తర్వాత సన్నగా, కోపంగా, ఎవరినో తిడుతున్నట్టు ఏడుపు.

"ఆడబిడ్డ!" అని లోపల్నుంచే అరిచింది కరీమున్నీసా. "ఇద్దరూ బతికినారు! యాడ చచ్చినావక్కా, రా!"

రెబెక్కమ్మ ఎట్లా పోయిందో, తలుపు ఎట్లా తోసిందో. కరీమున్నీసా పాతచీర ముక్కలో చుట్టి బిడ్డని ఆమె చేతుల్లో పెట్టేసి మళ్ళీ తల్లి పనిలో పడింది. ఎర్రటి చిన్న మొహం, మూసిన పిడికిళ్ళు, వేడి. ఇంత వేడిగా ఉంటుందని మరిచేపోయింది. మంచం మీద జయశీల, పెదాలు కొరికిన చోట పగిలి, జుట్టు నుదుటికి అతుక్కుని, కళ్ళు మూసుకుని. బతికి ఉంది. రొమ్ము లేచి పడుతోంది. రెబెక్కమ్మ ఆ రొమ్ముకేసే చూస్తూ, అది ఎక్కడ ఆగిపోతుందోనని చూస్తూ, చంటిదాన్ని ఊపుతోంది.

జయశీల కళ్ళు తెరిచింది. ముందు బిడ్డకేసి చూసింది. తర్వాత తల్లి మోచేతికేసి, రవికకేసి. "నీకు ఆ నెత్తురేంది మా?"

రెబెక్కమ్మ మోచేతిని చిరిగిన కొంగు చాటుకి లాక్కుంది.

"ఆయనేడి? ఆయన అరిచింది వినపడింది నాకు. ఏమైంది?"

"గట్టున కూర్చోనుండాడు" అంది రెబెక్కమ్మ. "తల పగిలినాది. నేనే కొట్టినా, రోకలితో. నిన్ను కొడతా ఉండాడనుకోని."

కరీమున్నీసా చెయ్యి ఆగింది. జయశీల తల్లికేసి చూసింది. ఆ చూపు రెబెక్కమ్మకి తెలుసు. చిల్లకూరు ఇంట్లో, సందు మొదట్లో ఎడ్ల మువ్వలు వినపడగానే, గోడవారగా జరుగుతూ, వచ్చేవాడి చేతులకేసి ఒక పసిపిల్ల చూసేది అట్లా. ఇప్పుడా చూపు తన చేతుల మీద ఉంది.

"బిడ్డనిటియ్యి మా" అంది జయశీల, మోచేతి మీద లేవడానికి ఒళ్ళంతా వణుకుతుండగా, చెయ్యి చాచి.

రెబెక్కమ్మ ఇచ్చేసింది.